కోబాల్‌కు రాలిన కుడి పూవు

యలహంక పాతవూరిలో సొన్నప్ప ఇంట్లో నిర్ఘాంతపోయే ఆచారం లేదు. తరతరాలుగా ఆ ఇంటి మగవాళ్లు చిక్కపేట అంగళ్లలో పట్టుచీరలు పరిచారు, ఆడవాళ్లు ఆ చీరల గురించి విన్నారు, మిగతా విషయాలన్నీ వీధి చివరి గుడిలో గంగమ్మ చూసుకుంది. ఇటువంటి ఏర్పాటులో ఆశ్చర్యానికి చోటు ఉండదు.

కాబట్టి 1998లో, ఉగాది వెళ్లిన వారానికి, ముప్పై అయిదేళ్ల సొన్నప్ప రాగిముద్ద ముందు కూచుని "నేను కంప్యూటర్‌లోకి పోతా" అని ప్రకటించినప్పుడు, ఆ ఇంట్లోవాళ్లకు ఎట్లా నిర్ఘాంతపోవాలో కూడా తెలియలేదు. సాధన లేదు. భార్య పద్మావతి పులుసు గరిటెను గాల్లోనే ఆపింది. తల్లి పిల్లమ్మకు మాత్రం మాట వచ్చింది.

"దాంట్లోకి పోయేదేందిరా? దాంట్లో చోటెక్కడుండాది?"

"లోపలికి కాదమ్మా. ఆ ఉద్యోగంలోకి."

"ఉండే ఉద్యోగానికేమొచ్చె?"

"ఉద్యోగం బాగానే ఉండాది. మోకాలు బాగలేదు."

ఇది నిజం. సొన్నప్ప చిక్కపేటలో జయరామప్ప పట్టుచీరల అంగడిలో పదిహేనేళ్లుగా తెల్లపరుపు మీద మఠం వేసుకుని కూచున్నాడు. చీర విప్పి విసిరితే అంచు సరిగ్గా వచ్చినవాళ్లలో పెద్దావిడ ఒళ్లో పడేది. పెళ్లికూతురి ఒళ్లో వేయడం కొత్తవాళ్లు చేసే పొరపాటు. చీర కట్టేది పిల్ల అయినా, తల ఊపేది అవ్వ. ఇంకో సంగతి కూడా అతనికి తెలుసు. ఒక చీర చేతిలో పట్టుకుని, దాన్ని కింద పెట్టకుండా, ఇంకా పాతిక చీరలు చూపించమనే మనిషి చివరికి ఆ చేతిలోదే కొంటుంది. ఆ పాతిక చీరలూ లోకమర్యాద కోసం. ఈ విద్యలన్నీ నేర్చుకునేలోపల మోకాళ్లు అరిగాయి. డాక్టరు చూసి, "ఇంక నేల మీద మఠం వెయ్యొద్దు. కుర్చీలో కూచునే పని చూసుకో" అన్నాడు.

డాక్టరు ఆ మాట రోజూ అందరికీ చెప్పేదే. సొన్నప్ప దాన్ని ఆకాశవాణిగా తీసుకున్నాడు. ఆ రోజుల్లో బెంగళూరులో కుర్చీ ఇచ్చే ఉద్యోగాలు మూడే రకాలు. ప్రభుత్వానిది వయసు దాటిపోయింది. బ్యాంకుది పరీక్ష దాటనివ్వలేదు. మిగిలింది కంప్యూటరు. సాయంకాలం కాలేజీలో చదివిన బీకాం ఒకటి పెట్టెలో ఎట్లాగూ ఉంది. ఈ నగరం కంప్యూటర్ల వైపు ఎందుకు మళ్లిందో పండితులు రకరకాల కారణాలు రాశారు. మోకాలిని ఎవరూ పేర్కొనకపోవడం విచారకరం.

మరునాడు అంగడిలో సంగతి చెబితే యజమాని జయరామప్ప కళ్లజోడు తీసి, తుడిచి, మళ్లీ పెట్టుకుని సొన్నప్పను కొత్త గిరాకీని చూసినట్లు చూశాడు.

"కుర్చీ కావాలంటే నేనివ్వనా సొన్నప్పా? గల్లాపెట్టె దగ్గర కూచుందువు."

"అక్కడ మీరు కూచుంటారు గదా సావుకారూ."

జయరామప్ప తాను కూచున్న కుర్చీని ఒకసారి తడుముకుని చూశాడు. "అదీ నిజమే" అన్నాడు. తర్వాత, సొన్నప్ప పదిహేనేళ్లు కూచున్నచోట పరుపులో పడిన గుంటను చూపించాడు. "సరే పో అప్పా. ఆ గుంట అట్లనే ఉంటాది. ఇంకొకణ్ణి కూచోనియ్యను. నువ్వొస్తావు, నాకు తెలుసు."

మల్లేశ్వరంలోని కంప్యూటరు పాఠశాలలో గది చల్లగా ఉంది. మేజా అవతల ఉన్న అమ్మాయి రెండు దారులు వివరించింది. ఒకటి కోబాల్. పాత బ్యాంకుల పెద్ద యంత్రాలు దశాబ్దాలుగా మాట్లాడుతున్న భాష. ఆ యంత్రాలు సంవత్సరంలో చివరి రెండంకెలే గుర్తుపెట్టుకుంటాయట. రెండువేల సంవత్సరం వస్తే పందొమ్మిది వందలనుకుని, పుట్టనివాళ్లకు వడ్డీ కట్టడమో, బతికున్నవాళ్లను చంపేయడమో చేస్తాయట. వాటికి నచ్చజెప్పేవాళ్లు కావాలి. రెండోది జావా. కొత్తది. ఇంటర్నెట్టుకు పనికొస్తుంది.

"రెంటిలో ఏది మంచిదమ్మా?" అని సొన్నప్ప అడిగాడు.

"రెండూ మంచివే సార్. మీ ఇష్టం."

సొన్నప్ప ఒళ్లు ఝల్లుమంది. పదిహేనేళ్లుగా తాను పగలంతా జనానికి చెప్పిన వాక్యం ఇది. చెప్పేవాడికి రెంటి గురించీ తెలియదనీ, ఏదో ఒకటి తొందరగా తీసుకుంటే మడతపెట్టే పని తప్పుతుందనీ దాని అర్థం. మొదటిసారి పరుపుకు అవతలి పక్కన కూచుని ఆ మాట విన్నాడు. ఇంతమంది ఆడవాళ్లు తనను కొట్టకుండా ఎట్లా వదిలిపెట్టారో అతనికి అర్థం కాలేదు.

మేడమీద అద్దెకుండే అశోక్‌కుమార్‌ను అడిగాడు. అతను కంప్యూటరు కంపెనీలో పనిచేస్తాడు.

"కోబాల్ డెడ్ అన్నా. ఫ్యూచర్ మొత్తం జావానే."

వారం తర్వాత అదే అశోక్‌కుమార్ మెట్లు దిగుతూ ఆగాడు. "అన్నా, మా ఆఫీసులో కోబాల్ వాళ్లకోసం తెగ వెతుకుతున్నారు. దొరకట్లేదు."

"చచ్చిందంటివి గదప్పా?"

"డెడ్డే అన్నా. కానీ డిమాండ్ ఉంది."

సొన్నప్పకు నిద్ర కరువైంది. జావా అంటే కుడిచెవి అదిరేది, కోబాల్ అంటే ఎడమచెవి. కొడుకు అవస్థ చూసి పిల్లమ్మ, "మనకేంటికిరా ఈ తిప్పలు? పూవడుగుదాం పద" అంది.

పూవడగడం ఆ వంశంలో రాజ్యాంగం. పూజారి తడిపిన పూలను అమ్మవారి రెండు భుజాల మీదా అతికిస్తాడు. అడిగేమనిషి ఎదురుగా కూచుని తన ప్రశ్నను మనసులో చెప్పుకుంటాడు. కుడి పూవు ముందు రాలితే అవును, ఎడమది రాలితే కాదు. కుడి అంటే అమ్మవారి కుడి, మన కుడి కాదు. ఈ విషయం స్పష్టం చేసుకోనందువల్ల పూర్వం రెండు పెళ్లిళ్లు తారుమారయ్యాయని చెబుతారు. సొన్నప్ప లెక్క సులభం. కుడి రాలితే కోబాల్, ఎడమ రాలితే జావా.

గంగమ్మ గుడి పూజారి పెద్దమునియప్ప నియమాలు మరోసారి చెప్పాడు. "అడిగేది ఒక్కడే. మిగతావాళ్లు సుమ్మనే, ఊరక నిలబడండి. మనసులో ఏమీ పెట్టుకోవద్దండి."

తరతరాలుగా అందరూ సరేనంటూ వచ్చిన నియమం ఇది. పాటించారో లేదో తనిఖీ చేసే సాధనం ఎవరి దగ్గరా లేదు.

"ఆ పేర్లు అమ్మకు కొత్త" అని పూజారి సొన్నప్పను హెచ్చరించాడు. "నిదానంగా, అర్థమయ్యేటట్లు చెప్పుకో."

సొన్నప్ప చల్లటి బండ మీద మఠం వేసుకుని కళ్లు మూశాడు. పద్మావతి, పిల్లమ్మ వెనక నిలబడ్డారు. పెద్దమునియప్ప గంట అందుకోబోయాడు. అందుకోలేదింకా, కుడి భుజం మీది పూవు టప్పున రాలి పీఠం మీద పడింది.

అందరూ కొయ్యబారిపోయారు. పూవు కోసం పూటంతా కూచున్నవాళ్లున్నారు, సాయంత్రం రమ్మనిపించుకున్నవాళ్లున్నారు. గంటకంటే ముందు రాలిన పూవును పెద్దమునియప్ప తన జన్మలో చూడలేదు. చేయి గంట దగ్గరే ఉండిపోయింది. "ఇంత ఖచ్చితంగా అమ్మ ఎవరికీ చెప్పలేదప్పా" అన్నాడు. పద్మావతి మొహం పాలిపోయింది. భక్తి అనుకున్నారు. ఆమె నోరు తెరిచేలోపల పిల్లమ్మ వీధంతా చక్కెర పంచేసింది.

ఆ శుక్రవారం నుంచి పద్మావతి గంగమ్మకు నిమ్మకాయ దీపాలు పెట్టడం మొదలుపెట్టింది. మొగుడి కొత్త చదువు కోసమని వీధిలో మెచ్చుకున్నారు.

సొన్నప్ప కోబాల్ చేరాడు. తరగతిలో కుర్రాళ్లు అతన్ని అంకుల్ అన్నారు, ఒకరిద్దరు మొదటిరోజు లేచి నిలబడ్డారు కూడా. కోబాల్ అతనికి ఊహించినంత పరాయిగా తోచలేదు. ఏ పనైనా పూర్తి వాక్యాల్లో, ముందూవెనకా చూసుకుని, చివర చుక్కపెట్టి చెప్పాలి. ఒక్క చుక్క మరిచిపోతే యంత్రం పేజీల కొద్దీ తప్పులు చూపించేది. ఆ ధోరణి అతనికి జయరామప్పను గుర్తుచేసి ఒకరకమైన ధైర్యం ఇచ్చింది.

1999 మొదట్లో, విమానాశ్రయం దారిలో ఉన్న ఒక చిన్న కంపెనీలో పని దొరికింది. ఎక్కడో విదేశీ బ్యాంకు తేదీలను సరిచేయడం. కుర్చీ కూడా దొరికింది. దానికి చక్రాలుంటాయని ఎవరూ చెప్పలేదు. మొదటిరోజు దాన్లో కూచోగానే అది వెనక్కి పరిగెత్తి గోడను తాకింది. సొన్నప్ప రెండు చేతులా మేజా పట్టుకుని సాయంత్రందాకా అట్లాగే పనిచేశాడు. వారం తిరగకముందే చెప్పులు విప్పి, కాళ్లు పైకి మడిచి, కుర్చీలోనే మఠం వేశాడు. మెత్తటి కుర్చీ మీద వేసిన మఠాన్ని మోకాళ్లు క్షమించాయి. మేనేజరు రంజిత వచ్చి చూసింది. కాసేపు నిలబడింది. పనిలో తప్పులేదు గనక ఏమీ అనకుండా పోయింది.

రెండువేల సంవత్సరం వచ్చింది. ఏమీ కాలేదు. పుట్టనివాళ్లకు ఎవరూ వడ్డీ కట్టలేదు, బతికున్నవాళ్లు బతికే ఉన్నారు. లోకం నిర్ఘాంతపోవడానికి సిద్ధమై కూచుని, కారణం దొరక్క లేచిపోయింది. ఆ లోటును సొన్నప్ప తీర్చాడు. ఫిబ్రవరిలో ఒక శుక్రవారం రంజిత అతన్ని తన గదికి పిలిచింది.

"సొన్నప్పగారూ, వర్క్ చాలా బాగా చేశారు. అందుకే ఇప్పుడు వర్క్ లేదు."

సొన్నప్ప ఆ రెండు వాక్యాల మధ్య ఎక్కడో చుక్క తప్పిందేమోనని చూశాడు. తప్పలేదు.

"రెండు ఆప్షన్స్ ఉన్నాయి" అంది రంజిత. "జావా ట్రైనింగ్‌కు పంపిస్తాం. కొత్త పిల్లలతో కలిసి మొదటినుంచీ నేర్చుకోవాలి. చివర టెస్ట్ ఉంటుంది, పోతే పోయినట్లే. లేదా అదే బ్యాంకు పాత ప్రోగ్రాములను చూసుకునే పని ఒకటుంది. కోబాలే. ఎవరూ అడగట్లేదు. ఎన్నాళ్లుంటుందో నేను చెప్పలేను. సోమవారం చెప్పండి."

మూడో దారి రంజితకు తెలియదు. చిక్కపేటలో ఒక గుంట అతనికోసం ఎదురుచూస్తోంది.

సొన్నప్ప ఇంటికి వచ్చి గుమ్మంలోనే కూలబడ్డాడు. ఉద్యోగం ఊగిసలాడినందుకు కాదు. "అమ్మ చెప్పిన దారి గదా" అన్నాడు. "గంటకంటే ముందు చెప్పింది గదా. రెండేండ్లకే ఎట్ల అయిపోతుంది?"

గుడికి పోవడానికి నిమ్మచెక్కలు తిరగేసి దీపాలు సర్దుతున్న పద్మావతి చేతిలోంచి నూనెగిన్నె జారింది.

"ఆ పూవు మీది కాదు" అంది.

"ఏందీ?"

"ఆ పూవు నాది. మీరు కోబాల్ అడగతా ఉంటే నేను వెనక నిలబడి ఇంకోటి అడిగినా. ఈయన అంగడి వదలకూడదంటే కుడి పూవు ఇయ్యమ్మా అని." ఆమె కొంగు చివర వేలికి చుట్టుకుంది. "ఇచ్చింది."

సొన్నప్ప గుమ్మంలోంచి లేచి నిలబడ్డాడు. "ఇన్నాళ్లు ఏంటికి చెప్పలేదు?" అన్నాడు.

"చెప్దామనుకుంటే అత్త అప్పుడే చక్కెర పంచేసె. అందరూ అంత సంతోషంగా ఉంటిరి. అమ్మ వద్దన్న పనికి మిమ్మల్ని రోజూ డబ్బా కట్టి పంపిస్తాండానని భయం. అందుకే శుక్రవారం శుక్రవారం పోయి చెప్పుకుంటాండా. ఈయనకు తెలీదు, తప్పు నాది, ఏం చేసినా నన్ను చెయ్యి అని. ఇప్పుడు ఆయమ్మ కోపం చూపించింది."

పిల్లమ్మ మంచం మీద ఇటునుంచి అటు తిరిగింది. దగ్గింది. "నేను కూడా ఒక చిన్నది అడిగినా" అంది.

"నువ్వు గూడానా అమ్మా?"

"పెద్దదేం కాదురా. మన వీధిలో బోరేస్తే నీళ్లు పడతాయా అని."

బయట వీధి బోరు దగ్గర ఎవరో బిందె పెట్టిన చప్పుడు వినబడింది.

"పడినాయి గదా" అంది పిల్లమ్మ, కొంచెం గర్వంగానే.

ఒక పూవు, మూడు ప్రశ్నలు. ఇది ఇంట్లో తేలే వ్యాజ్యం కాదు. ముగ్గురూ గుడికి నడిచారు. సంగతి విన్న పెద్దమునియప్ప హారతి పళ్లెం కింద పెట్టేసి, గడప మీద కూచుండిపోయాడు. తన తండ్రి నాటినుంచీ ఈ గుడిలో రాలిన పూలన్నీ అతని కళ్లముందు తిరిగినట్లున్నాయి. ఎవరి పూవు మీద ఎవరికి పెళ్లయిందో, ఎవరు ఇల్లు కట్టారో, ఎవరు ఊరు వదిలిపోయారో. "ఈ మాట బయట అనొద్దండి" అన్నాడు ముందు. తర్వాత గొంతు సవరించుకుని న్యాయాసనం ఎక్కాడు.

"పూవు ఎవరిదో తేలాలంటే ఎవరి మాట ముందు అమ్మను చేరిందో తెలియాల. సొన్నప్పా, ఎదురుగా కూచున్నోడివి నువ్వు. నీకే మొదటి హక్కు. నువ్వడిగింది నువ్వడిగినట్లే చెప్పు. ఒక్కమాట పోనియ్యొద్దు."

సొన్నప్ప కళ్లు మూసుకున్నాడు. చల్లటి బండ. తడిపూల వాసన. మఠం వేయడం. వేస్తున్నప్పుడు...

అతను కళ్లు తెరిచాడు.

"సామీ."

"చెప్పప్పా."

"కూచునేటప్పుడు మోకాలు కలుక్కుమన్నింది."

"అయితే?"

"'అమ్మా, ఈ నొప్పి పోతుందా' అనుకున్నా. అనుకుని, సర్దుకుని, సరే ఇప్పుడు కోబాల్ గురించి అడుగుదామని ఊపిరి తీసుకున్నా." అతను పూజారి వైపు భయంగా చూశాడు. "అంతలోపల పూవు పడిపోయె."



"అంటే" అన్నాడు పెద్దమునియప్ప, ఒక్కొక్కమాటా జాగ్రత్తగా దించుతూ, "కోబాల్ అనే మాట అమ్మ చెవిన పడనేలేదు."

"లేదు సామీ."

"మోకాలు ఇప్పుడెట్లుండాది?"

"నొప్పి లేదు."

"పూవు మోకాలిది" అని పూజారి తీర్పు చెప్పాడు. పిల్లమ్మ బోరు సంగతి లేవనెత్తబోతే చేయెత్తి ఆపేశాడు.

"అయితే అమ్మ ఈయన్ను అంగడి వదలొద్దని అననే లేదా?" అంది పద్మావతి. "నేను చెప్పింది విననే లేదా?" గుండెల మీది బరువు దిగినందుకు సంతోషపడాలో, అన్ని శుక్రవారాలు వినని నేరానికి క్షమాపణ చెప్పుకున్నందుకు ఏడవాలో తేల్చుకోలేక స్తంభానికి ఆనుకుంది. ఉన్నట్టుండి ఇంకోటి తోచింది. "మరి కోబాల్ ఎవరు చెప్పినారు?"

అదే ఎవరికీ తోచని ప్రశ్న. అందరూ సొన్నప్ప వైపు చూశారు. పుట్టినప్పటినుంచీ పేరు దగ్గర మొదలుపెట్టి పెళ్లిదాకా పూవడిగి నడిచిన మనిషి, తన బతుకులో అన్నిటికంటే పెద్ద పనిని, ఎవరూ చెప్పకుండా, గంటైనా మోగకుండా, తనంతట తానే చేసేసి ఉన్నాడు. ఆ సంగతి అతనికంటే ముందు మిగతావాళ్లందరికీ అర్థమైంది. అతనికి అర్థమైనప్పుడు గోడ పట్టుకున్నాడు.

పెద్దమునియప్ప రెండు పూలు తడిపి భుజాల మీద అతికించాడు. "ఈసారి ఒక్కడివే రా. వీళ్లిద్దర్నీ బయటికి పంపిస్తా. కూచోవద్దు, నిలబడే అడుగు. మోకాలి జోలికి పోవద్దు."

సొన్నప్ప అమ్మవారి ముందు నిలబడ్డాడు. కుడి పూవును చూశాడు. ఎడమ పూవును చూశాడు. రెండూ గట్టిగానే అతుక్కున్నాయి. అడిగితే ఏదో ఒకటి రాలుతుంది. రాలితే చేయాలి. ఆ చేయడం ఎట్లా ఉంటుందో అనుకుంటే, జావా పూవు రాలినట్లు ఊహించుకున్నప్పుడల్లా చేతులు ఖాళీ అయినట్లనిపించింది. పరుపు మీది గుంటను ఊహించుకున్నా అంతే. బ్యాంకుగారి పాత వాక్యాలు, ఒక్కొక్క చుక్క, మాత్రం ఎంతసేపైనా చేతిలోంచి కిందికి దిగలేదు. చేతిలోది కింద పెట్టని ఇటువంటి గిరాకీలను అతను చాలామందినే చూశాడు.

"వద్దు సామీ" అన్నాడు.

"ఏం?"

"తీసుకున్నా."

పెద్దమునియప్ప అతని మొహం చూసి, మర్యాదగా రెండు పూలూ తానే చేత్తో తీసేశాడు. బయట పద్మావతి ఏమీ అడగలేదు. దారిలో మాత్రం, "సోమవారం డబ్బాలో ఏం పెట్టాల?" అంది. అంటే, పోయేది ఆఫీసుకేనని ఆమెకు తెలిసిపోయిందన్నమాట.

సోమవారం పొద్దున్నే రంజితకు బ్యాంకు పనే చాలని చెప్పాడు. "ఆర్ యూ షూర్?" అని ఆమె రెండుసార్లు అడిగింది. ఆ పనిని ఎవరైనా కోరి తీసుకోవడం ఆమె చూడటం అదే మొదటిసారి. వారం చివర సాయంత్రం చిక్కపేటకు పోయి జయరామప్ప ముందు నిలబడ్డాడు. అంగడి నిండుగా ఉంది, పనివాళ్లు ఇరుక్కుని కూచున్నారు, ఒక్క గుంట మాత్రం ఖాళీగా ఉంది.

"రాను సావుకారూ."

జయరామప్ప పెద్దగా చలించలేదు. పూవు సంగతి అంగడిదాకా ఎప్పుడో చేరింది. "సరే. గంగమ్మ మళ్లీ కుడి పూవే ఇచ్చిందా?"

"లేదు. అడగలేదు."

"మరి ఎవరు చెప్పినారు?"

"నేనే అనుకున్నా."

జయరామప్ప కళ్లజోడు తీశాడు. కంప్యూటరు సంగతి విన్నరోజు కూడా దాన్ని తుడిచి మళ్లీ పెట్టుకున్నాడు. ఈసారి పెట్టుకోలేదు.

"నువ్వా?" అన్నాడు.

"నేనే."

పెద్దాయన చాలాసేపు అతన్ని చూశాడు, పరుపును చూశాడు, మళ్లీ అతన్ని చూశాడు. తర్వాత గల్లాపెట్టె పక్కకు తిరిగి లోపలికి కేక వేశాడు.

"పరుపులు కుట్టే మహబూబ్ బాషాకు చెప్పి పంపించండప్పా. గుంట పడిన పరుపు దూది ఏకించాల."